సిరిసిల్ల ఫోన్‌లో కోరుట్ల రిపోర్టు

ఆ రోజు పొద్దున ఆఫీసుకొచ్చి కంప్యూటర్ తెరుస్తుండగానే సిరిసిల్ల నుంచి పెద్దబాపు ఫోన్ చేశాడు. ఆయన మా నాన్నకు అన్న. వెనక సాంచాల చప్పుడు వినిపిస్తోంది. మరమగ్గాన్ని సిరిసిల్లలో సాంచా అంటారు. పెద్దబాపుకు చిన్న కార్ఖానా ఉంది. ఆ చప్పుడులోనే బతికిన మనిషి కాబట్టి నిశ్శబ్దంగా ఉన్న గదిలో కూడా గట్టిగానే మాట్లాడతాడు.

“బిడ్డా, నా పేరు ఎవలన్న మార్చిన్రా?” అని అడిగాడు.

“ఏమైంది పెద్దబాపూ?”

“నిన్న నెత్తురు ఇచ్చి అచ్చిన గదా. పొద్దుగాల ఫోన్ల రిపోర్టని మెసేజ్ అచ్చింది. ఒత్తి సూస్తే గది నాది గాదు. ఎవలో కథలాపూర్ దిక్కు ఆయనది. నాకంటె చిన్నోడే.”

పెద్దబాపు రక్తం ఇచ్చిన ల్యాబ్ ప్రోగ్రామ్ చూసుకునేది నేనేనని ఆయనకు తెలుసు. అందుకే ల్యాబ్‌కు కాకుండా నాకే చేశాడు. ఇంక చూడొద్దు, మూసెయ్యి అన్నాను.

“మూసిన. గని సూసిందైతే సూసిన గద. ఆయనకు క్రియాటినిన్ మస్తున్నది బిడ్డా. పక్కన ఎర్రగ పెట్టిన్రు.”

క్రియాటినిన్ అనే మాట మా ఇంట్లో అందరికీ తెలుసు. పెద్దమ్మ కిడ్నీలు పాడై పోయింది. కరీంనగర్‌కు డయాలసిస్ కోసం తిరిగిన రోజుల్లో ఆ అంకె ఎంత ఉంటే ఏమిటో పెద్దబాపు నోటికి వచ్చేసింది. నేను మళ్లీ చేస్తానని చెప్పి ఫోన్ పెట్టేసి, ఆయనకు వచ్చిన లింకునే నా కంప్యూటర్‌లో తెరిచాను.

తెర పైన సిరిసిల్ల సెంటర్ అనే ఉంది. కింద వేరే ఊరి మనిషి పేరు. వెంటనే మూసి మళ్లీ తెరిచాను. ఈసారి జగిత్యాలకు చెందిన ఒకావిడ పేరు వచ్చింది. మూడోసారి మళ్లీ ఆ కథలాపూర్ వైపు మనిషే. పేరు వరకే చూసి మూసేస్తున్నాను. ఒకే లింకు, ఒకే నంబరు, తెరిచినప్పుడల్లా ఎవరో ఒకరు వస్తున్నారు, పెద్దబాపు మాత్రం ఒక్కసారీ రావడం లేదు. భయపడాల్సిన సమయమే అది. భయపడ్డాను కూడా. కానీ నిజం చెప్పాలంటే భయం కంటే ముందు, ఇది ఎలా జరుగుతోందో తెలుసుకోవాలన్న ఆత్రమే నన్ను పట్టుకుంది.

జగిత్యాలలో మా ఆఫీసు చిన్నది. ఆఫీసు పెట్టిన సార్‌ది జగిత్యాలే. ఆయన కాక మేం ముగ్గురం పనిచేసేవాళ్లం. దుకాణాలకు, బడులకు, ఆసుపత్రులకు వెబ్ ప్రోగ్రాములు చేసి ఇస్తాం. ఈ ల్యాబ్ ఒక డాక్టర్ మేడంది. పరీక్షలన్నీ జగిత్యాలలోనే జరుగుతాయి. కోరుట్లలో, సిరిసిల్లలో రక్తం తీసుకునే సెంటర్లు ఉన్నాయి. ఒక ఊరి వాళ్ల వివరాలు ఇంకో ఊరి సెంటర్‌కు కనిపించకూడదని మేడం మొదట్లోనే గట్టిగా చెప్పిందట. అందుకని డేటాబేస్‌లో మూడు ఊళ్లకూ మూడు విడి చోట్లు, వాటికి మూడు యూజర్ పేర్లు, మూడు పాస్‌వర్డ్‌లు. కోరుట్ల పేరుతో లోపలికి వెళితే కోరుట్ల రిపోర్టులే కనిపిస్తాయి.

నేను చేరే ముందే ఆ ప్రోగ్రామ్ రాసినతను హైదరాబాద్ వెళ్లిపోయాడు. అతను రాసిన దాంట్లో ఒక లైను నన్ను మొదటి నుంచీ ఆకర్షించేది. సాధారణంగా డేటాబేస్‌తో పని పడినప్పుడు కనెక్షన్ తెరుస్తాం, పని చేసుకుంటాం, మూసేస్తాం. అతను అలా చేయలేదు. కొన్ని కనెక్షన్లను జగిత్యాల పేరుతో తెరిచి ఉంచాడు. కోరుట్ల మనిషి రిపోర్టు అడిగితే, తెరిచి ఉన్న కనెక్షన్‌లోనే యూజర్‌ను కోరుట్లగా మారుస్తాడు. తర్వాత సిరిసిల్ల మనిషి వస్తే దాన్నే సిరిసిల్లగా మారుస్తాడు. మూయడం, మళ్లీ తెరవడం ఉండదు. లోపల ఉన్నవాళ్లు అక్కడే ఉండి పేరు మార్చుకోవడమేమిటని సార్‌ను ఒకసారి అడిగాను.

“ప్రతిసారి కొత్తగ తెరిస్తే టైం పడ్తదమ్మా. మన సర్వర్ పాతది. ఉన్నదాంట్లనే పేరు మారిస్తే జల్దిగ అయితది” అన్నాడాయన. అప్పటికి ఆ జవాబు సరిపోయింది.

ఇప్పుడు సార్ రాగానే జరిగింది చెప్పాను. ఆయన బ్యాగు కూడా దించకుండా నిలబడే విన్నాడు.

“ముందుగాల ఆ పేజీ బందువెట్టు. తర్వాత ఎందుకైందో సూద్దాం.”

పేజీ ఆపేసి, రిపోర్టులు సెంటర్‌లోనే ఇస్తారని ఒక వాక్యం పెట్టాను. సిరిసిల్ల కౌంటర్‌కు ఫోన్ చేస్తే అక్కడి అమ్మాయి ఏడుపు గొంతుతో ఉంది. పొద్దటి నుంచి జనం వచ్చి రిపోర్టు రాలేదని అడుగుతున్నారట. కొందరికి ఇంకా సిద్ధం కాలేదని వస్తోందట. కౌంటర్ కంప్యూటర్ ఈ లింకు పేజీతో పనిలేకుండా నేరుగా సిరిసిల్ల పేరుతోనే వెళుతుంది కాబట్టి అందులో అన్నీ సరిగానే ఉన్నాయి. అందులోంచి ప్రింటు తీసి ఇవ్వమని చెప్పాను.

తర్వాత ప్రోగ్రామ్ మొత్తాన్ని ప్రాక్టీసు కోసం ఉంచుకున్న మెషీన్‌లో పెట్టుకుని కూర్చున్నాను. ఉత్తుత్తి పేర్లతో మూడు ఊళ్లూ అందులో ఉన్నాయి. డేటాబేస్‌ను అడగదగ్గ ప్రశ్నల్లో నాకు బాగా నచ్చింది ఒకటుంది. ఇప్పుడు నేను ఎవరి పేరుతో ఉన్నాను అని అడగవచ్చు. అది వెంటనే చెబుతుంది. యూజర్‌ను మార్చే లైను కింద ఆ ప్రశ్న పెట్టి, ముందు కోరుట్ల రిపోర్టు, తర్వాత సిరిసిల్ల రిపోర్టు అడిగాను. రెండుసార్లూ కోరుట్ల అనే జవాబు వచ్చింది.

సిరిసిల్లగా మారమని చెప్పిన వెంటనే అడిగితే కోరుట్ల అంటోంది. అంటే మారలేదన్న మాట. ఎందుకు మారలేదు? ముందు రోజు సాయంత్రం అలవాటు ప్రకారం మూడు పాస్‌వర్డ్‌లూ మార్చారు. సిరిసిల్లది ఈ లింకు పేజీ వాడే ఫైలులో పాతదే మిగిలిపోయింది. పాస్‌వర్డ్ తప్పు కాబట్టి డేటాబేస్ కుదరదంది. కుదరదన్న మాటను మా ప్రోగ్రామ్ వినిపించుకోలేదు. మారిందో లేదో చూసుకోకుండా కింది లైనుకు వెళ్లిపోయి, ఫలానా తేదీ ఫలానా నంబరు రిపోర్టు ఇవ్వమని అడిగింది. మూడు సెంటర్లలోనూ నంబర్లు రోజూ ఒకటి నుంచే మొదలవుతాయి. ఆ కనెక్షన్‌ను అంతకుముందు కోరుట్ల వాళ్లు వాడి ఉంటే కోరుట్ల రిపోర్టు, జగిత్యాల వాళ్లు వాడి ఉంటే జగిత్యాల రిపోర్టు ఇచ్చింది. ఆ నంబరుకు అక్కడ ఏమీ లేకపోతే ఇంకా సిద్ధం కాలేదంది.

నేను మాత్రం అక్కడితో లేవలేకపోయాను. మారమన్నప్పుడు మారలేకపోతే తలుపు మూసుకోవాలి కదా, పాత పేరుతోనే లోపల ఎలా ఉండనిస్తుంది? ఆ ఫంక్షన్ గురించి మాన్యువల్‌లో వెతికితే ఉంది. అనుమతి దొరక్కపోతే పాత యూజరే కొనసాగుతాడని ఒక్క వాక్యంలో రాసి ఉంది. దాని కింద ఇంకో సంగతి. మారినా మారకపోయినా కనెక్షన్ మాత్రం అప్పుడే తెరిచినట్టు అయిపోతుందట. సగంలో ఉన్న పనులు వెనక్కి పోతాయట.

చదివితే నమ్మబుద్ధి కాలేదు. కోరుట్ల పేరుతో లోపలికి వెళ్లి ఒక ఉత్తుత్తి రిపోర్టు సగం రాశాను. ఖాయం చేయమని చెప్పలేదు. సరైన పాస్‌వర్డ్‌తో జగిత్యాలగా మారి, మళ్లీ కోరుట్లకు వచ్చి చూస్తే రాసింది లేదు. ఇది అర్థమైంది. ఒకరి సగం పని ఇంకొకరి చేతికి పోకూడదు. ఇంకోసారి సగం రాసి, ఈసారి కావాలనే తప్పు పాస్‌వర్డ్ ఇచ్చాను. కుదరదంది. నేనెవరినని అడిగాను. కోరుట్ల అంది. రాసింది చూశాను. అదీ లేదు. పేరేమో పాతదే ఉంచింది, చేతిలో ఉన్నదేమో తీసేసుకుంది.

“సార్, ఇది సూడున్రి” అని పిలిచాను. ఆయన వచ్చి చూసి నా ముఖం వైపు చూశాడు.

“నీకు సంబురమైతున్నట్టున్నది.”

“సంబురం గాదు సార్. ఎట్ల పనిచేస్తదో తెలిసింది గదా.”

“సరే. ఇప్పుడు గదే మాట మేడంకు పోయి చెప్పాలె” అన్నాడు.

నా ఉత్సాహం అక్కడ దిగింది.

మధ్యాహ్నానికి ప్రోగ్రామ్ సరిచేశాం. మారలేకపోతే ఆ కనెక్షన్ మూసేయాలి, ఏ రిపోర్టూ చూపించకూడదు. మారిందని చెప్పినా సరే, ఎవరి పేరుతో ఉన్నామో ఒకసారి అడిగి చూసుకున్నాకే రిపోర్టు తీయాలి. నంబరు ముందు ఊరి గుర్తు కూడా ఉండాలి. సాయంత్రం ల్యాబ్‌కు వెళ్లాం. మేడం మైక్రోస్కోప్ ముందు నుంచి లేచి, చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది. సార్ దాచకుండా అంతా చెప్పాడు. ఆమె మమ్మల్ని తిడుతుందనుకున్నాను. ఒక్కటే అడిగింది.

“ఎవరివి ఎవరు చూసిన్రు?”

ఏ లింకు నుంచి ఏ రిపోర్టు వెళ్లిందో సర్వర్‌లో ఆనవాలు ఉంటుంది. కోరుట్ల సెంటర్‌లో రక్తం ఇచ్చిన ఆ కథలాపూర్ ఆయనది, జగిత్యాల ఆవిడది, అవి రెండే పరాయి ఫోన్‌కు వెళ్లాయి. రెండూ పెద్దబాపు ఫోన్‌కే; మిగతా సిరిసిల్ల వాళ్లు ఒత్తినప్పుడు వాళ్ల నంబర్లకు కోరుట్లలో, జగిత్యాలలో ఇంకా ఏ రిపోర్టూ పడలేదు. ఒకసారి చూసి నమ్మకం కలగక ఆయన కూడా మళ్లీ ఒత్తాడన్న మాట.

“ఆ ఇద్దరికి నేనే ఫోన్ చేసి చెప్త. మీ పెద్దబాపుకు నువ్వు చెప్పు, ఎవరితో అనొద్దని” అంది మేడం.

పెద్దబాపుకు చెప్పాను. ఆయన విన్నాడు, ఎవలకు చెప్పనన్నాడు, తర్వాత నెమ్మదిగా అడిగాడు.

“గాయినకు తెలుసునా మరి?”

“గా ముచ్చట నేను చెప్పరాదు పెద్దబాపూ.”

“పేరు, ఊరు అడుగుతలేను బిడ్డా, గవి సూసినయే. ఆయన రిపోర్టు ఆయనకు ముట్టిందా, డాక్టర్‌కు సూపెట్టిండా, గంతే.”

ముట్టిందని నాకు తెలుసు. కోరుట్ల లింకులు ఆ రోజు సరిగానే పనిచేశాయి. కానీ ఒకరి గురించి ఒక్క మాట చెప్పడం మొదలుపెడితే ఎక్కడ ఆగాలో తెలియలేదు. మేడం మాట్లాడుతుందని మాత్రం అన్నాను. ఆయన అడిగిన సంగతి మేడంకు కూడా చెప్పాను. ఆయన నన్ను మళ్లీ అడగలేదు. కానీ ఆ ఆదివారం నేను సిరిసిల్ల వెళ్లేసరికి అదే ధ్యాసలో ఉన్నాడు. సాంచా దగ్గర తెగిన దారం ముడివేస్తూ, తల ఎత్తకుండా, “మీ పెద్దమ్మకు మొదలు గట్లనే ఉండె. కాళ్లు ఉబ్బుతున్నయంటే నడిచి నడిచి ఉబ్బినయనుకున్నం” అన్నాడు.

మేము అన్నం తింటుండగా మేడం ఫోన్ వచ్చింది. కోరుట్ల ఆయనకు విషయం చెప్పి క్షమాపణ అడిగిందట. ఆయన కోపం చేసుకోలేదు గానీ, నా రిపోర్టు చూసిందెవరని అడిగాడట. ఆ పేరు చెప్పడానికి వీల్లేదని, కానీ చూసినాయన మీ ఆరోగ్యం గురించి అడుగుతున్నాడని మేడం చెప్పింది. అప్పుడాయన, అయితే ఒకసారి మాట్లాడతానన్నాడట.

“మీ పెద్దబాపుకు ఇష్టమేనా? ఇష్టమైతేనే నంబర్ ఇస్త” అంది మేడం.

పెద్దబాపు చేయి కూడా కడుక్కోకుండా ఇమ్మన్నాడు. కాసేపటికి ఫోన్ మోగింది. ఆయన ఎప్పటిలా స్పీకర్ మీద పెట్టాడు. నేను లేవబోతే కూర్చోమన్నాడు. నా బిడ్డ గీ ల్యాబ్ పని చేస్తది, పక్కకున్నది, వింటే ఏమన్న అనుకుంటవా అని మొదటే అడిగాడు. అవతలి మనిషి నవ్వి, “సూసినోళ్లకు వింటె ఏమైతది” అన్నాడు.

గొంతులో మోతుబరితనం ఉంది. కథలాపూర్ దగ్గర వాళ్ల ఊరు, ఒకప్పుడు ఆ ఊరికి దొరలు. ఇప్పుడు పసుపు, మొక్కజొన్న వేస్తాడట, కోరుట్లలో ఎరువుల దుకాణం కూడా ఉందట. ఇద్దరూ ముందు వానల గురించి మాట్లాడుకున్నారు. తర్వాత పెద్దబాపు నేరుగా అడిగాడు.

“డాక్టర్ తాన పోయినవా?”



“లేదు.”

“ఎందుకు పోలే?”

“రిపోర్టు నా ఫోన్లకే అచ్చింది. సూసిన. ఇంట్ల ఎవ్వరికి చెప్పలే. పసుపు తవ్వుడు అయినంక సూద్దామనుకున్న.”

“పసుపు భూమిల ఉంటది, ఏడికి పోదు” అన్నాడు పెద్దబాపు. తర్వాత పెద్దమ్మ సంగతి చెప్పాడు. మా ఇంట్లో కూడా ఎప్పుడూ అంత వివరంగా చెప్పలేదు. కాళ్లు ఉబ్బడం, అన్నం సయించకపోవడం, దసరా పోనీ, ఆ తర్వాత ఆర్డర్ బట్ట అయిపోనీ అని తాము వాయిదా వేసుకోవడం, చివరికి డాక్టర్ ఇంత ఆలస్యం ఎందుకు చేశారని అడగడం. సాంచాలు ఆ రోజు ఆగి ఉన్నాయి. ఆయన గొంతు మామూలు కంటే చాలా చిన్నగా ఉంది.

“నేనెవన్నో నీకు తెల్వదు. రిపోర్టుల పేరు తప్ప నువ్వెవనివో నాకు తెల్వదు. గని ఆ ఎర్రటి అంకె సూసినంక నిద్ర పడ్తలేదు నాకు. ఒక్కసారి పోయి సూపెట్టుకో.”

“పోత” అన్నాడాయన. “నిజంగ పోత. ఎవ్వరికి తెల్వదనుకోని ఊకున్న. ఒకలు సూసిన్రని మేడం చెప్పినంక మనసు కుదురుగ ఉంటలేదు” అన్నాడు.

ఆయన కరీంనగర్ వెళ్లి చూపించుకున్నాడు. బీపీ చాలా ఎక్కువగా ఉందట, అదే కిడ్నీలను దెబ్బతీస్తోందట. మందులు రాశారు, ఉప్పు మాన్పించారు, నొప్పుల మాత్రలు సొంతంగా కొని మింగడం మాన్పించారు. తర్వాతి పరీక్షలో అంకె కొంచెం తగ్గింది. ఇప్పటికి డయాలసిస్ అవసరం లేదన్నారని పెద్దబాపుకు స్వయంగా ఫోన్ చేసి చెప్పాడు. ఇప్పటికీ వాళ్లిద్దరూ మాట్లాడుకుంటారు. కలుసుకున్నది ఒక్కసారే. వేములవాడ వచ్చినప్పుడు ఆయన సిరిసిల్ల దాకా వచ్చాడట. కార్ఖానా అంతా తిరిగి చూసి, చెవులు మూసుకుని బయటికి పోయాడని పెద్దబాపు నవ్వుతూ చెప్పాడు.

నేను ఆయన్ను చూసింది ఆ ఫోన్ వచ్చిన కొద్ది రోజులకే, కోరుట్లలో. ఊరి గుర్తు ఉన్న కొత్త నంబర్లు సెంటర్ వాళ్లకు నేర్పడానికి వెళ్లాను. ఒక పొడుగాటి మనిషి, తెల్ల అంగీ, లోపలికి వచ్చి కంప్యూటర్ అమ్మాయి ఎవరని అడిగాడు. నేనే అంటే ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“నా రిపోర్టు సిరిసిల్లకు ఎట్ల పోయిందో నాకు సమజ్ కాలే. మేడం చెప్పింది గని తలకెక్కలే. జర నువ్వు చెప్పు.”

చెప్పాను. తెరిచి ఉంచిన కనెక్షన్ గురించి, దాంట్లో పేరు మార్చడం గురించి, మారకపోయినా చూసుకోకపోవడం గురించి చెప్పాను. ఆయన వాళ్ల దుకాణంలో కంప్యూటర్ వాడే మనిషే, త్వరగానే అందుకున్నాడు. సగం పని పోయే సంగతి చెప్పినప్పుడు నాలాగే ముందుకు వంగాడు. తప్పు పాస్‌వర్డ్ ఇచ్చినా పోతదా అని రెండుసార్లు అడిగాడు. ఇప్పుడైతే ఎవరి పేరుతో ఉన్నామో అడిగి చూసుకున్నాకే రిపోర్టు ఇస్తుందని నేను కొంచెం గర్వంగానే ముగించాను.

“మంచిది. మరి నా ఫోన్ల అచ్చిన లింకు నా తమ్మునికి పంపిస్తే వాడు సూడచ్చునా?”

“సూడచ్చు సార్.”

“వాడు ఇంకొకనికి పంపిస్తె?”

“వాళ్లు గూడ సూడచ్చు.”

“అంటె లోపట ఉన్నదాన్ని అడుగుతున్రు, నువ్వు ఎవలవని. బయట ఒత్తేటోన్ని ఎవలు అడుగుతలేరు.”

లోపలి తలుపు గురించి ఆలోచించడంలో పడి వీధి తలుపు నేను చూడనే లేదు. ఆయన తప్పు పట్టడానికి అడగలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. అడిగి, చాయ్ తెప్పించమంటావా అన్నాడు. బస్సులో జగిత్యాల వస్తూ దారంతా అదే ఆలోచించాను. మర్నాడు సార్‌తో చెప్పాను. ఇద్దరం కలిసి మేడంతో చెప్పాం. లింకు ఒత్తగానే, రక్తం ఇచ్చినప్పుడు రాయించిన ఫోన్‌కు ఓటీపీ వెళ్లాలి, అది కొడితేనే రిపోర్టు తెరుచుకోవాలి. మేడం వెంటనే ఒప్పుకుంది.

ఆ మార్పు వచ్చాక మొదటి ఫిర్యాదు మా ఇంటి నుంచే వచ్చింది.

“ఇదేం తకరారు బిడ్డా? నెత్తురు నాది, ఫోను నాది, ఇంక నంబర్ గూడ కొట్టాలెనా? నేను అద్దాలు వెట్టుకునేలోపల టైం అయిపోతున్నది.”

“ఇంక జర ఎక్కువ సేపు ఉండేటట్టు చేస్త పెద్దబాపూ.”

“చెయ్యి. చేసి మళ్ల ఫోన్ చెయ్యి. నేను అద్దాలు వెట్టుకోని కూసుంట” అన్నాడు.